పావు సెంటు డిష్, 95 సెంట్ల డిష్

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నాసా అంతరిక్ష నౌక వాయేజర్-1 మీద అర పేజీ వేశారు. సంతోషం. కానీ అందులో ఒక వాక్యం చదివి చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. వాయేజర్ మన తెలుగు పలకరింపుని విశ్వమంతా ప్రసారం చేసుకుంటూ పోతోందని రాశారు. ప్రసారం చెయ్యట్లేదండీ. ఆ పలకరింపు బంగారు పూత పూసిన ఒక రాగి రికార్డు మీద గాడిగా చెక్కి ఉంది, 55 భాషల్లో మనదీ ఒకటి, ఆ రికార్డు నౌకకి ఒక పక్కన బిగించి ఉంది, ఎవరైనా ఎదురొచ్చి దాన్ని విప్పి ముల్లు పెట్టి తిప్పితే తప్ప అది ఒక్క ముక్క మాట్లాడదు. వాయేజర్ రేడియోలో చెప్పేది వేరే సంగతి. తన ఒంట్లో ఎలా ఉంది, చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎంతుంది, ఇలాంటివి. అది కూడా విశ్వమంతటికీ కాదు, ఒక్క భూమి వైపుకే, డిష్ గురిపెట్టి మరీ చెబుతుంది.

తప్పులు పట్టుకోవడానికి రాయట్లేదు. వాయేజర్ గురించి ఎప్పుడు రాసినా మన పేపర్లన్నీ ఆ రికార్డు దగ్గర మొదలుపెట్టి ఆ రికార్డు దగ్గరే ఆపేస్తాయి. ఎంత దూరం వెళ్ళింది, ఎంత వేగం, తెలుగు మాట ఉంది, అయిపోయింది. అంత దూరం నుంచి అది చెప్పేది ఇక్కడ ఎలా వినపడుతోందని ఎవరూ అడగరు. నన్నడిగితే అసలు కథంతా అక్కడే ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను మార్కాపురంలో 1992లో కేబుల్ టీవీ మొదలుపెట్టినవాణ్ణి. డాబా మీద 12 అడుగుల జాలీ డిష్, మధ్యలో డిష్ పోగుచేసిన సిగ్నల్‌ని పట్టే గొట్టం (ఫీడ్ హార్న్), దాని వెనక ఆ సిగ్నల్‌ని పెంచి కిందికి పంపే పెట్టె (ఎల్‌ఎన్‌బీ), కింద గదిలో రిసీవర్లు, చానళ్ళని వైరులోకి ఎక్కించే మాడ్యులేటర్లు, అక్కడి నుంచి స్తంభాల మీదుగా వైరు. సెట్‌టాప్ బాక్సులు వచ్చాక కనెక్షన్లన్నీ ఇంకొకరికి అప్పజెప్పి ఖాళీ అయ్యాను. ఆ ఇరవై ఏళ్ళలో నేను చేసిన పని ఏమిటని అడిగితే, సన్నగా వచ్చేదాన్ని రొద లోంచి ఏరుకోవడం, అంతే. బొమ్మ మీద చుక్కలు పడుతున్నాయంటే డాబా ఎక్కాలి. డిష్ ఒక అంగుళం అటు, ఒక అంగుళం ఇటు. కిందనుంచి మా తమ్ముడు "వచ్చింది... వచ్చింది... పోయింది అన్నా!" అని అరిచేవాడు. ఫీడ్ హార్న్‌లో కందిరీగలు గూడు పెట్టిన రోజులున్నాయి, గాలివానకి స్టాండు కదిలి ఊరంతా మా ఇంటి మీదకొచ్చిన రోజులున్నాయి.

ఇక అసలు సంగతికొస్తాను. వాయేజర్ నెత్తిమీద ఉన్న డిష్ అడ్డకొలత 3.7 మీటర్లు. అంటే 12 అడుగులు. అంటే మా డాబా మీద ఉన్నదంతే! ఇది తెలిసిన రోజు నేను టేపు పట్టుకుని పైకెళ్ళి మళ్ళీ కొలిచాను, మా ఆవిడ కింద నుంచి ఈ వయసులో మళ్ళీ ఆ డిష్ జోలికెందుకని కేకలేస్తూనే ఉంది. 1977 సెప్టెంబరు 5న బయల్దేరిన బండి, ఇప్పుడు 2,500 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది, కాంతి వేగంతో వెళ్ళినా పూర్తిగా ఒక రోజు పట్టేంత దూరానికి అది చేరేది 2026 నవంబరులో. అక్కడి నుంచి అది మాట్లాడుతున్నది సుమారు 23 వాట్లతో. మా వరండాలో ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు 20 వాట్లు.

మేం పట్టుకున్న ఉపగ్రహాలు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉండేవి. దానికీ వాయేజర్ దూరానికీ తేడా దాదాపు 7 లక్షల రెట్లు. కానీ రేడియోలో దూరం రెట్టింపైతే బలం సగం కాదు, పావు అవుతుంది. కాబట్టి 7 లక్షలని 7 లక్షలతో హెచ్చవేయాలి. మిగతావన్నీ సమానమనుకుంటే, మా డాబా మీద దిగిన సిగ్నల్ కంటే ఇది 48 వేల కోట్ల రెట్లు పైగానే పలచన. దగ్గరలో ఉన్న ఆ సిగ్నల్‌కే మేం చుక్కలతో అవస్థ పడ్డాం.

ఇంకో రకంగా చెబుతాను. ఒక వాట్‌ని వంద కోట్ల భాగాలు చెయ్యండి. అందులో ఒక భాగం తీసుకుని దాన్ని మళ్ళీ వంద కోట్ల భాగాలు చెయ్యండి. ప్రపంచంలో ఇందుకోసమే కట్టిన అతి పెద్ద డిష్‌లలో ఒకటి వాయేజర్ వైపు తిరిగి నిలబడితే, అందులో పడేది ఆ రేణువు కూడా పూర్తిగా కాదు, సగం అనుకోవచ్చు.

మరి ఎలా వింటున్నారు?

మొదటిది, చేట పెద్దది. అమెరికాలో కాలిఫోర్నియా ఎడారిలో గోల్డ్‌స్టోన్, స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర ఒకటి, ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గర ఒకటి, ఈ మూడు చోట్లా నాసాకి 70 మీటర్ల డిష్‌లున్నాయి. భూమి తిరుగుతుంటే ఒకరి ఆకాశం లోంచి నౌక దిగిపోయేసరికి ఇంకొకరికి ఎక్కొస్తుంది, అందుకే మూడు చోట్ల. 70 మీటర్లంటే ఎంతో మీ పాఠకులకి తెలియాలంటే మన లెక్కలో చెప్పాలి. ఆ డిష్ మూతి వైశాల్యం 95 సెంట్లు. ఎకరానికి అయిదు సెంట్లు తక్కువ. మా 12 అడుగుల డిష్ పావు సెంటు. 95 సెంట్ల పొలాన్ని గిన్నెలా వంచి, స్టాండు మీద నిలబెట్టి, ఆకాశంలో కంటికి కనపడని ఒక చుక్క వైపు తిప్పి, భూమి తిరుగుతున్న కొద్దీ గంటల తరబడి ఆ చుక్క మీదే నిలపాలి. డిష్ వంచేటప్పుడు సొంత బరువుకి అదే వంకరపోతుంది, మా పావు సెంటు డిష్షే అలా వంకరపోయేది.

రెండోది చల్లదనం. ఇది కేబుల్ వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది, మిగతావాళ్ళకి కాస్త వింతగా ఉంటుంది. పాత ఎల్‌ఎన్‌బీల మీద 25కె అనీ 17కె అనీ రాసి ఉండేది. కొనేటప్పుడు ఆ అంకె ఎంత తక్కువుంటే అంత మంచిదని చూసుకునేవాళ్ళం, ధర కూడా అలాగే ఉండేది. అది కెల్విన్లలో, అంటే ఉష్ణోగ్రత డిగ్రీల్లో కొలత. ఆ పెట్టె తనంతట తాను ఎంత రొద కలుపుతుందో చెప్పే లెక్క. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ రేడియోలో గుసగుసలాడుతుంది, నేల, గోడ, మబ్బు, మనిషి, వైరులో ఎలక్ట్రాన్లు, అన్నీ. మే నెలలో మార్కాపురం ఎండకి మా ఎల్‌ఎన్‌బీ ముట్టుకుంటే చెయ్యి కాలేది, మధ్యాహ్నం బొమ్మ నాణ్యత పడిపోయేది. అక్కడ వాళ్ళు ఆంప్లిఫయర్‌ని హీలియం యంత్రాలతో మైనస్ 260 డిగ్రీల దరిదాపులకి చల్లబరుస్తారు. అంటే ముందు తమ పరికరం నోరు మూయిస్తారు, ఆ తర్వాతే వాయేజర్ ఏమంటుందో వింటారు. డిష్ బాగా కిందికి వంగి ఉంటే నేల వేడి కూడా అంచుల్లోంచి దూరుతుంది, వాన మబ్బు అడ్డొస్తే అదీ తన రొద తను కలుపుతుంది.

మూడోది, నెమ్మది. దీని గురించి ఎవరూ రాయరు. వాయేజర్ 1979లో గురుగ్రహం దగ్గర్నుంచి సెకనుకి 1,15,200 బిట్లు పంపింది. ఇప్పుడు మామూలుగా పంపేది 160. నూట అరవై! ఫోనులో మనం రాసే "నమస్కారం" అన్న మాటకి ఎనిమిది గుర్తులు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 192 బిట్లు. అంటే ఒక్క నమస్కారం పెట్టడానికి దానికి సెకను పైన పడుతుంది. వంద కేబీ వాట్సాప్ ఫొటో గంటా ఇరవై నిమిషాలు పట్టేది, ఫొటోల బాధ లేదనుకోండి, కెమెరాలు 1990లోనే ఆపేశారు. ఎందుకింత నెమ్మది? నత్తివాడి మాట అనుకోకండి. చెవిటి అవ్వతో మాట్లాడేటప్పుడు ఒక్కో అక్షరం సాగదీసి చెబుతాం చూడండి, అది. ఒక్కో బిట్‌ని ఎక్కువసేపు పట్టి ఉంచితే వినేవాడు అంతసేపూ దాన్ని కూడబెట్టుకుంటాడు. రొద అటూ ఇటూ పడి తనలో తనే కొట్టుకుపోతుంది, సిగ్నల్ మాత్రం ఒక వైపే పోగవుతుంది. పైగా వాయేజర్ ఒక్కో బిట్‌కి బదులు రెండు గుర్తులు పంపుతుంది, వాటిని ముందు వెనక బిట్లతో అల్లుకుని మరీ పంపుతుంది. ఒకటి రొదలో పోయినా మిగతావాటిని బట్టి ఇక్కడ పూరించుకుంటారు. బ్యాంకు వాళ్ళకి ఫోనులో అకౌంటు నంబరు చెప్పి మళ్ళీ ఒకసారి చదివి వినిపించినట్టు, కాకపోతే అంతకంటే చాలా తెలివిగా.

ఇంకోటుంది, తలుపు సందు, అంటే ఎంత మేర ఫ్రీక్వెన్సీలని లోపలికి రానిస్తామన్న లెక్క. మా ఉపగ్రహ టీవీ చానల్‌కి 36 మెగాహెర్ట్జ్ వెడల్పు తలుపు తెరిచి కూర్చునేవాళ్ళం, అంత తలుపు తెరిస్తే అంత రొదా లోపలికొస్తుంది. వాయేజర్ క్యారియర్ (సమాచారాన్ని మోసుకొచ్చే అసలు స్వరం) కోసం కొద్ది హెర్ట్జ్‌ల సందు చాలు. చిక్కేమిటంటే ఆ సందు ఎక్కడ తెరవాలో ముందే తెలియాలి. అది 8.4 గిగాహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, కానీ రైలు కూత దగ్గరికొస్తుంటే ఒకలా, దూరమవుతుంటే ఒకలా వినపడినట్టు, ఇక్కడా స్వరం జారుతూ ఉంటుంది. వాయేజర్ సెకనుకి 17 కిలోమీటర్లు పోతోంది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు పరిగెడుతోంది. భూమి మళ్ళీ తన చుట్టూ తాను. వీటన్నిటి వల్ల ఆ స్వరం ఏడాది పొడవునా లక్షల హెర్ట్జ్‌ల మేర అటూ ఇటూ ఊగుతుంది, ఒక్క రోజులో కూడా వేల హెర్ట్జ్‌లు. కక్ష్యల లెక్క ముందే కట్టి, రిసీవర్ ఆ ఊపుకి తగ్గట్టు ఊగుతూ ఉంటే, అప్పుడు ఆ సన్నటి గీత తెర మీద నిలుస్తుంది. (పక్కమాట: ఏడాదిలో కొన్ని నెలలు భూమి వాయేజర్ వైపు దాని కంటే వేగంగా పరిగెడుతుంది కాబట్టి, ఆ నెలల్లో వాయేజర్ మనకి దగ్గరవుతుంది. మీ పేపర్లో "క్షణ క్షణం దూరమవుతున్న" అని రాశారు, అదీ పూర్తిగా నిజం కాదు. సరే, దీన్ని వదిలేద్దాం.)

గురి తప్పితే ఏమవుతుందో 2023లో తెలిసింది. ఆ జులై 21న దీని జంట నౌక వాయేజర్-2కి పంపిన కమాండ్లలో పొరపాటు దొర్లి దాని డిష్ భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకి తిరిగిపోయింది. రెండంటే రెండే డిగ్రీలు. 12 అడుగుల డిష్ ఆ ఫ్రీక్వెన్సీలో చూపే చూపు అర డిగ్రీ చిల్లర ఉంటుంది, రెండు డిగ్రీలంటే పూర్తిగా మొహం తిప్పేసినట్టే. మాకు రెండు మూడు డిగ్రీలు పక్కకెళ్తే ఇంకో ఉపగ్రహం తగిలేది, అందులో ఏదో అర్థం కాని భాష చానల్ వచ్చేది. వీళ్ళకి ఏమీ రాలేదు. అప్పుడు అది 1,990 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉన్న డిష్‌లన్నీ వెతికితే ఆగస్టు 1న సన్నగా క్యారియర్ ఒకటి తగిలింది. అందులో సమాచారం తీసుకునేంత బలం లేదు గానీ బతికుందని తెలిసింది. దాంతో కాన్‌బెరా నుంచి ఉన్న బలమంతా పెట్టి ఒక కమాండు అరిచి పంపారు. అక్కడికి వెళ్ళడానికి పద్దెనిమిదిన్నర గంటలు, జవాబు రావడానికి ఇంకో పద్దెనిమిదిన్నర గంటలు. 37 గంటలు చేతులు కట్టుకుని కూర్చోవడం. ఆగస్టు 4న డేటా వచ్చింది. డాబా మీద నేనూ కింద మా తమ్ముడూ, "వచ్చిందా" అని అడిగితే జవాబు ఎల్లుండి వస్తుందంటే నా టెన్షన్ ఎలా ఉండేదో ఊహించుకోండి.

వాయేజర్-2 దక్షిణం వైపు పోయింది కాబట్టి దానికి కమాండ్లు పంపాలంటే ఆ ఒక్క కాన్‌బెరా డిష్షే గతి. ఆ డిష్‌ని 2020 మార్చి నుంచి దాదాపు పదకొండు నెలలు మరమ్మతులకి ఆపినప్పుడు, చిన్న డిష్‌లతో అది చెప్పేది విన్నారు గానీ నెలల తరబడి తిరిగి పలకరించడానికి వీల్లేకపోయింది.

2024 అక్టోబరులో వాయేజర్-1 వంతు. హీటర్ ఒకటి వెయ్యమని కమాండు పంపితే, కరెంటు చాలక కాబోలు దాని లోపలి రక్షణ ఏర్పాటు మామూలుగా 8.4 గిగాహెర్ట్జ్‌లో పలికే ఎక్స్-బ్యాండ్ ట్రాన్స్‌మిటర్‌ని ఆపేసి, వేరే ఫ్రీక్వెన్సీలో పలికే, 1981 తర్వాత ఎప్పుడూ వాడని ఎస్-బ్యాండ్ ట్రాన్స్‌మిటర్‌ని వేసుకుంది. దాని బలం ఇంకా తక్కువ. నలభై మూడేళ్ళు మూలన పడి ఉన్న రేడియో, అంత దూరంలో, ఎక్కడుందో తెలియని గొంతుతో. దాన్ని కూడా పట్టుకున్నారు! నాకు ఈ కథలో నచ్చిన సంగతి ఇదే, ఇందులో రాకెట్ లేదు, నిప్పు లేదు, ఎగరడం లేదు, ఎక్కడో ఒక గదిలో కొందరు తెర మీద ఒక గీత కోసం చూస్తూ కూర్చున్నారు.

సూర్యుడి సంగతి కూడా ఒకటుంది. ఏటా మార్చిలో ఒకసారి, సెప్టెంబరు చివర అక్టోబరు మొదట్లో ఒకసారి, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడేవాడు. కొన్ని నిమిషాలు చానల్ మొత్తం చుక్కలైపోయేది. సూర్యుడంత రొద చేసేవాడు ఇంకోడు లేడు. సీరియల్ మధ్యలో పోయిందని ఫోన్లు, సూర్యుడు అడ్డొచ్చాడమ్మా అంటే ఒక్కరూ నమ్మేవారు కాదు, బిల్లు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు చెబుతామనేవారు. 2015 జూన్‌లో కుజుడు సూర్యుడి వెనక్కి వెళ్ళినప్పుడు మన మంగళయాన్‌తో దాదాపు రెండు వారాలు మాట కుదరలేదు, అప్పుడు పేపర్లో ఆ వార్త చూపించి ఒకాయనతో వాదన నెగ్గాను.

మంగళయాన్ అన్నాను కాబట్టి, ఇప్పుడు మీ మీద నా అసలు ఫిర్యాదు. మీరు వాయేజర్‌కి తెలుగు సంబంధం వెతికి రికార్డు మీది పలకరింపు దగ్గర ఆగిపోయారు. దూరపు నౌకల్ని వినే పనిలో ఇక్కడి చేతులు పెట్టిన పనుంది, దాన్ని వదిలేశారు. బెంగళూరు దగ్గర బ్యాలాలు అనే ఊళ్ళో ఇస్రోకి 32 మీటర్ల డిష్ ఉంది, 2008లో చంద్రయాన్-1 కోసం కట్టింది. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. మన లెక్కలో 20 సెంట్ల డిష్. చంద్రయాన్-1 మాటలు విన్నది, తర్వాత కుజుడి దగ్గర్నుంచి మంగళయాన్ మాటలు విన్నది అదే. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ మొదటి పేజీలో పొగతో సహా ఫొటో వేస్తారు. రాకెట్ పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ఆ తర్వాత నెలలు, ఏళ్ళు ఆ నౌక అక్కడ ఉందనడానికి మనకున్న ఆధారం ఇలాంటి డిష్‌లే. బ్యాలాలు డిష్ ఫొటో మీ పేపర్లో నేను ఒక్కసారీ చూడలేదు, చూసినట్టు గుర్తు లేదు.

ఇంకొకటి పుణె దగ్గర ఖోడద్‌లో ఉంది, జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు. రేడియో ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ గారు ముందుండి కట్టించినది, 45 మీటర్ల డిష్‌లు 30. మొత్తం కలిపితే దాదాపు 12 ఎకరాల జల్లెడ. జల్లెడ అని ఎందుకన్నానంటే అవి రేకు డిష్‌లు కావు, సన్నటి స్టీలు తీగల జాలీని స్టీలు తాళ్ళతో లాగి కట్టినవి, గాలి దూరిపోతుంది, బరువు తక్కువ, ఖర్చు తక్కువ. మా కేబుల్ వాళ్ళు జాలీ డిష్‌లకి మారింది కూడా అందుకే. అది నక్షత్రాల కోసం కట్టిన టెలిస్కోపు. అయినా 2016 అక్టోబరు 19న యూరప్ వాళ్ళ షియాపరెల్లి ల్యాండర్ కుజుడి మీదకి దిగుతుంటే, దాని సన్నటి గొంతుని భూమ్మీద నేరుగా విన్నది ఇక్కడే. ఆ ల్యాండర్ రేడియో పక్కనున్న నౌకతో మాట్లాడుకోవడానికి పెట్టింది, భూమికి వినపడాలని పెట్టింది కాదు. దిగడానికి కాస్త ముందు గొంతు ఆగిపోయింది. అది కూలిపోయిందని తర్వాత తేలింది. ఏదో తేడా జరిగిందన్న తొలి సంకేతం మన మహారాష్ట్ర పొలాల మధ్య ఉన్న ఆ జల్లెడ్ల తెర మీద కనపడింది.

మాట పూర్తిగా పోయిన నౌకల కథ వేరు. చంద్రయాన్-1 2009 ఆగస్టు 29న మూగబోయింది. ఏడేళ్ళ తర్వాత 2016లో గోల్డ్‌స్టోన్ డిష్ నుంచి చంద్రుడి వైపు రాడార్ తరంగాలు కొట్టి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని అమెరికాలోనే గ్రీన్‌బ్యాంక్ టెలిస్కోపుతో విని, అది ఇంకా చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉందని తేల్చారు. మీటరున్నర పెట్టె అది.

పెద్ద పెద్ద సంస్థలకే సాధ్యమయ్యే పనని ఎవరైనా అనుకుంటే ఇది వినండి: 2018 జనవరిలో కెనడాలో స్కాట్ టిల్లీ అనే హాబీ ఆయన ఇంటి దగ్గరి పరికరాలతో వేరే ఉపగ్రహం కోసం వెతుకుతుంటే, 2005 డిసెంబరులో నాసా చేజారిన ఇమేజ్ అనే ఉపగ్రహం గొంతు తగిలింది. పన్నెండేళ్ళు పోయిందనుకున్నది. నెదర్లాండ్స్‌లో డ్వింగెలూ అనే చోట 1956 నాటి 25 మీటర్ల డిష్ ఉంది, 12 సెంట్లు, వదిలేసిన దాన్ని వాలంటీర్లు బాగుచేసుకున్నారు. 2024 డిసెంబరులో వాళ్ళు దాంతో వాయేజర్-1 క్యారియర్ పట్టారు. ఆ డిష్ జాలీ పాతకాలం ఫ్రీక్వెన్సీలకి తగ్గట్టు వేసింది, 8.4 గిగాహెర్ట్జ్‌కి కంతలు పెద్దవి, సిగ్నల్ కొంత జారిపోతుందని తెలిసి కూడా కొత్త ఫీడ్ బిగించి, కక్ష్య లెక్కతో ఆ స్వరం ఊపుని సరిచేసుకుంటూ కూర్చుని, తెర మీద గీత చూశారు.

ఈ మాటలన్నీ చదివి నాకూ చెయ్యి దురదపెట్టింది. 2023లో మా మనవడితో కలిసి చిన్న ప్రయత్నం చేశాను. వాడు కంప్యూటర్‌కి తగిలిస్తే రేడియో పట్టే రెండు మూడు వేల రూపాయల డాంగిల్ ఒకటి తెప్పించాడు, నేను అల్యూమినియం కడ్డీలు 53 సెంటీమీటర్లకి రెండు కోసి వి ఆకారంలో బిగించాను. నోవా-19 అనే అమెరికా వాతావరణ ఉపగ్రహం నెత్తిమీదుగా పోయేటప్పుడు 137 మెగాహెర్ట్జ్‌లో టిక్కుటిక్కుమని వినపడేది, దాన్ని కంప్యూటర్లో వేస్తే మబ్బుల బొమ్మ వచ్చేది. (ఆ ఉపగ్రహాన్ని 2025లో ఆపేశారు.) మొదటి నాలుగు రోజులు బొమ్మ అడ్డదిడ్డం గీతలు. తీగ మార్చాం, చోటు మార్చాం, లాభం లేదు. అయిదో రోజు సరిగ్గా ఉపగ్రహం వచ్చే టైముకి వీధంతా కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది కదా, ఆగలేదు. అప్పుడొచ్చింది చూడండి బొమ్మ! బంగాళాఖాతం, శ్రీలంక, తెల్లగా మబ్బుల సుడి. వీధిలోని చవకరకం ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, చార్జర్లు, ఇన్వర్టర్లు అన్నీ కలిసి చేసే రేడియో రొద ఆ పది నిమిషాలు లేదు. కరెంటు పోయినందుకు సంతోషించిన మొదటి రోజు అది. పక్కింటాయనకి మీ వరండా బల్బు మార్చుకోండని చెబితే, నాకేమీ వినపడట్లేదే అన్నారు. ఆయన తప్పేం లేదు, చెవికి వినపడే రొద కాదది. ఆ బల్బు మాత్రం ఇంకా అలాగే ఉంది.

కాబట్టి మీకు నా మనవి రెండు ముక్కలు. ఒకటి, ప్రసారం చేస్తోందన్న మాటకి చిన్న సవరణ వెయ్యండి. రెండు, మీ విలేకరిని ఒకర్ని బ్యాలాలు పంపండి, ఆ 32 మీటర్ల డిష్ మీద పనిచేసిన ఈసీఐఎల్ రిటైర్డ్ వాళ్ళు హైదరాబాద్‌లో ఉండే ఉంటారు, వాళ్ళని కదిలించండి. ఆ డిష్ వంపు ఎలా కొలిచారో, ప్యానెళ్ళు ఎలా సరిచేశారో, మొదటిసారి సిగ్నల్ పట్టిన రోజు గదిలో ఎవరేమన్నారో రాయించండి. నేను చందా కట్టి చదువుతాను, ఇప్పుడు పక్కింటి పేపరు చదువుతున్నాను.

ఇంకొక సంగతి మీ ద్వారా ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ళకి. ప్రతి ఊళ్ళో పాత కేబుల్ ఆఫీసు డాబాల మీద నాదిలాంటి డిష్‌లు తుప్పు పట్టి పడి ఉన్నాయి, పాతసామాన్ల వాళ్ళు కిలోల లెక్కన తీసుకుపోతున్నారు. దాంతో వాయేజర్ రాదు, పావు సెంటుకి అంత ఆశ పెట్టుకోకూడదు. కానీ మన పాలపుంతలో హైడ్రోజన్ 1420 మెగాహెర్ట్జ్‌లో చేసే రొద ఇంత డిష్‌లో హాయిగా పడుతుంది, ఆ ఫ్రీక్వెన్సీకి జాలీ కంతలు కూడా అడ్డం కాదు. డాంగిల్, ఒక మంచి ఆంప్లిఫయర్, పిల్లలకి ఓపిక ఉంటే చాలు. నా డిష్ ఇచ్చేస్తాను, డబ్బులేం వద్దు, మార్కాపురం నుంచి ట్రాక్టరు కిరాయి కూడా నేనే పెట్టుకుంటాను. వచ్చేవాళ్ళు స్పానర్లతో పాటు ఒక డబ్బా కిరసనాయిలు కూడా తెచ్చుకోవాలి, కింది నాలుగు బోల్టులూ బిగుసుకుపోయాయి.

ఇట్లు,
పాత కేబుల్ ఆపరేటర్,
మార్కాపురం